దాత చెయ్యి, పిల్లవాడి పలక: కెన్యా అనాథల చదువు చరిత్ర

అనాథ పిల్లవాడు, దయగల దాత - ఈ ఇద్దరూ లేని కథాసాహిత్యం బహుశా ఏ భాషలోనూ ఉండదు. వారాలు చేసుకుని చదువుకున్న కుర్రవాళ్ళ కథలు మనకూ ఉన్నాయి. ఆ కథల్లో పిల్లవాడి తల్లిదండ్రులు మొదటి పేజీలోనే చనిపోతారు. రెండో పేజీలో దాత ప్రవేశిస్తాడు. చివరి పేజీలో పిల్లవాడు పెద్ద ఉద్యోగస్థుడై వచ్చి దాత కాళ్ళకు దణ్ణం పెడతాడు. మొదటి పేజీకి ముందు ఏం జరిగిందో కథకుడు చెప్పడు, పాఠకుడు అడగడు. తల్లిదండ్రులు ఎందుకు పోయారు, వాళ్ళ భూమి ఏమైంది, ఊళ్ళో బడి ఎందుకు లేదు, దాత చేతికి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది - ఇవన్నీ కథకు అనవసరమైన విషయాలుగా మిగిలిపోతాయి. చరిత్రకు మాత్రం ఇవే ముఖ్యమైన విషయాలు.

ఆఫ్రికా పిల్లల చదువుకు సాయం చెయ్యమని ప్రపంచమంతటా విజ్ఞప్తులు వెలువడుతూనే ఉంటాయి. ఆ విజ్ఞప్తి మీద ఒక పిల్లవాడి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మకు దేశం ఉండదు, ఊరు ఉండదు, చరిత్ర ఉండదు. అందుకే ఆఫ్రికాను గూర్చి గంపగుత్తగా మాట్లాడకుండా ఒక్క కెన్యాను తీసుకుని, అక్కడ అనాథలకూ పేదపిల్లలకూ చదువు ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ప్రజలు తమంతట తాము చెప్పుకోబోతే ఏం జరిగింది అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. న్గూగీ వా థియాంగో నవలలు చదివే సాహిత్య విద్యార్థులకు ఈ చరిత్ర తెలియకపోతే ఆ నవలల్లో సగం అర్థం కాదని నా అభిప్రాయం.

ఈ కథ విచిత్రంగా మన దేశంలోనే మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటిష్ నౌకాదళం హిందూ మహాసముద్రంలో అరబ్బు ఓడలను పట్టుకుని, వాటిలో అమ్మకానికి తీసుకుపోతున్న ఆఫ్రికా బానిసలను విడిపించేది. విడుదలైన పిల్లల్లో కొందరిని బొంబాయిలో దింపేవారు. ఊరు పేరు కూడా సరిగా గుర్తులేని ఆ పిల్లలను ఏం చెయ్యాలి? కొందరు ఇళ్ళల్లో పనివాళ్ళయ్యారు. మరికొందరిని చర్చ్ మిషనరీ సొసైటీ వారు నాసిక్ దగ్గర శరణ్‌పూర్‌లోని ఆశ్రమానికి తీసుకుపోయారు. అక్కడ వాళ్ళకు ఇంగ్లీషు, బైబిలు, వడ్రంగం, కమ్మరం నేర్పారు. చరిత్రలో వీళ్ళకు 'బొంబాయి ఆఫ్రికన్లు' అని పేరు వచ్చింది. లివింగ్‌స్టన్ 1873లో మధ్య ఆఫ్రికాలో చనిపోయినప్పుడు చెట్టు మీద అతని పేరూ తేదీ చెక్కినవాడు, శవాన్ని సముద్రతీరానికి మోసినవారిలో ఒకడు, 1874లో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో శవపేటికను పట్టుకున్నవాడు అయిన జేకబ్ వెయిన్‌రైట్ ఈ నాసిక్ బడిలో చదివిన కుర్రవాడే.

ఇంతవరకూ చదివితే దయామయుల కథలాగే ఉంటుంది. కాని మొదటి పేజీకి ముందు ఏముందో చూడాలి. ఆ కాలంలో జాంజిబారు దీవి లవంగం తోటలకూ ఏనుగుదంతం వ్యాపారానికీ కేంద్రం. ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. లవంగాలూ దంతమూ కొన్నది యూరప్, అమెరికా, ఇండియా మార్కెట్లు. జాంజిబారు సుల్తాను కస్టమ్స్ వసూళ్ళను దశాబ్దాల తరబడి గుత్తకు తీసుకున్నది కచ్‌కు చెందిన జయరాం శివజీ వ్యాపారసంస్థ. అంటే ఆ పిల్లలను అనాథలను చేసిన వాణిజ్యంలో తెల్లవాడి గిరాకీ ఉంది, అరబ్బు ఓడ ఉంది, మన దేశపు వర్తకుడి పెట్టుబడీ ఉంది. చదువు చెప్పిన చెయ్యి ఒక్కటే రికార్డుల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

1873లో బొంబాయి మాజీ గవర్నరు సర్ బార్టిల్ ఫ్రియర్ దౌత్యం ఫలితంగా జాంజిబారులో బానిసల సంత మూతపడింది. 1875లో మొంబాసా ఎదుట విముక్త బానిసల కోసం ఒక గ్రామం వెలిసింది. దానికి ఫ్రియర్ టౌన్ అని ఆయన పేరే పెట్టారు. నాసిక్‌లో చదివినవాళ్ళు అక్కడికి పంతుళ్ళుగా, పనివాళ్ళుగా, మతబోధకులుగా వెళ్ళారు. వాళ్ళలో విలియం జోన్స్ అనే ఆయన రబాయి అనే చోట మిషన్ బాధ్యత చూసేవాడు. తోటల నుంచి పారిపోయి వచ్చిన బానిసలకు ఆ ఊళ్ళో తలదాచుకునే చోటు దొరికింది. ఇది మిషన్ పెద్దలకు ఇబ్బంది అయింది. విముక్త బానిసలకు చదువు చెప్పడం పుణ్యం. పారిపోయి వచ్చిన బానిసకు చోటివ్వడం మాత్రం యజమానుల ఆస్తిహక్కుతో తగాదా. చివరకు 1889 జనవరి 1న బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీ సొమ్ము చెల్లించగా రబాయి చుట్టుపక్కల సుమారు 1400 మందికి విముక్తిపత్రాలు ఇచ్చారు. సొమ్ము ముట్టింది ఎవరికి? యజమానులకు. జీవితం పోగొట్టుకున్నవాడికి పత్రం, బానిసను పోగొట్టుకున్నవాడికి పరిహారం. దాతృత్వానికీ న్యాయానికీ ఉన్న దూరాన్ని కొలవడానికి ఇంతకంటె మంచి కొలబద్ద దొరకదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. దాత చదువు చెప్పించింది విధేయుణ్ణి తయారుచేయడానికి. కాని ఆ చదువు పుచ్చుకున్నవాడి బడి నీడలోనే పారిపోయిన బానిసలకు చోటు దొరికింది. చదువు దాత చెప్పినంతవరకే నడిచి ఆగిపోదు. ఈ వైరుధ్యం కెన్యా చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కెన్యా బ్రిటిష్ వలస అయింది. సారవంతమైన ఎత్తుప్రాంతాల భూములు తెల్ల సెట్లర్ల వశమయ్యాయి. గికూయు రైతులు తమ భూమిలోనే పాలేళ్ళయ్యారు. గుడిసెపన్ను కట్టడానికి కూలికి పోవలసి వచ్చింది. ఈ దశలో విద్యాదానం గురించి శాస్త్రీయంగా ఆలోచించడానికి అమెరికా నుంచి ఒక ధర్మనిధి బయలుదేరింది. న్యూయార్కులోని ఫెల్ప్స్-స్టోక్స్ నిధి పంపిన కమిషన్ 1920 - 21లో పశ్చిమ, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలలోనూ, 1924లో తూర్పు ఆఫ్రికాలోనూ పర్యటించింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నీగ్రోల కోసం నడిచిన వృత్తివిద్యా పద్ధతే ఆఫ్రికన్లకు తగినదని ఆ కమిషన్ తేల్చింది. వ్యవసాయం, చేతిపని, ఆరోగ్యసూత్రాలు, సత్ప్రవర్తన - ఇవి నేర్పితే చాలునన్నది సారాంశం. దానికి 'పరిసరాలకు అనువైన విద్య' అని అందమైన పేరు. పరిసరాలు అంటే ఏమిటి? భూమి సెట్లరుది, కూలి ఆఫ్రికన్‌ది అన్న పరిసరాలు. వాటికి అనువైన విద్య అంటే ఆ ఏర్పాటును ప్రశ్నించని విద్య. 1925లో కార్నెగీ సంస్థ సొమ్ముతో కబెటెలో జీన్స్ స్కూలు, 1926లో ప్రొటెస్టంట్ మిషన్ల కూటమి ఆధ్వర్యాన ఎలయన్స్ హైస్కూలు వెలిశాయి.

అయితే ఆఫ్రికన్లు మరో రకం చదువు కోరుకున్నారు. సెట్లరు కొడుకు చదివే చదువే తమ పిల్లలకూ కావాలన్నారు. 1929లో ఈ కోరిక పెద్ద సంఘర్షణగా బయటపడింది. ఆడపిల్లలకు చేసే సున్తీని విడనాడతామని ప్రమాణం చేసినవారికే బడిలో, చర్చిలో చోటని కొన్ని మిషన్లు నిబంధన పెట్టాయి. ఆ ఆచారం స్త్రీ శరీరం మీద హింస అనడంలో మనకు రెండో మాట లేదు. కెన్యా ప్రభుత్వమే 2011లో దాన్ని చట్టంతో నిషేధించింది. కాని 1929లో ఆ ప్రమాణాన్ని కోరినవాడు, భూమిని ఆక్రమించినవాడు ఒక్క రంగు చర్మంలో వచ్చారు. అందుచేత ఆచారానికి సంబంధించిన వివాదం భూమికీ ఆత్మగౌరవానికీ సంబంధించిన వివాదమయింది. వేలాదిమంది మిషన్ బడులు వదిలేశారు. వదిలేసి ఇంట్లో కూర్చోలేదు. తమ బడులు తామే కట్టుకున్నారు.

ప్రపంచ విద్యాచరిత్రలో ఇది సామాన్యమైన ఘట్టం కాదు. గికూయు స్వతంత్ర పాఠశాలల సంఘం, కరింగా విద్యాసంఘం అనే రెండు సంస్థల కింద నూటికి పైగా బడులు వెలిశాయి. మట్టిగోడలు, గడ్డికప్పు, చందాల సొమ్ముతో జీతాలు. 1939లో గిథుంగురిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రారంభమయింది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన ఎంబియు కొయినాంగే దానికి పెద్ద. ఒకే ఈడువాళ్ళు ఒక జట్టుగా ఏర్పడే గికూయు సంప్రదాయం నిధుల సేకరణకు ఉపయోగపడింది. ఏ ఈడు జట్టు ఎంత పోగుచేసిందన్నది ఊళ్ళలో పోటీ అయింది. ఆడవాళ్ళు తామే చందాలు వసూలుచేసి బాలికల వసతిగృహానికి పూనుకున్నారు. 1947లో జోమో కెన్యాట్టా ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు.

ఇక్కడ దాత ఎవరు, గ్రహీత ఎవరు? తండ్రిలేని పిల్లవాడికి ఊరు ఫీజు కట్టింది. ఆ ఊరి పిల్లవాడు కాబట్టి కట్టింది, ఎవరికీ కృతజ్ఞతాపత్రం రాసే పని పడలేదు. న్గూగీ తొలి రచన 'ది రివర్ బిట్వీన్' (1965)లో వైయాకి అనే యువకుడు బడుల మీద పెట్టుకున్న ఆశ గాలిలోంచి పుట్టింది కాదు, ఈ ఉద్యమంలోంచి పుట్టింది. చదువు ఒక్కటే చాలునన్న అతని నమ్మకంలోని లోపాన్ని కూడా న్గూగీ ఆ నవలలోనే చూపించాడు. భూమి ప్రశ్న తేలకుండా బడి ప్రశ్న తేలదని వైయాకి ఆలస్యంగా గ్రహిస్తాడు.

వలస ప్రభుత్వం ఆ విషయాన్ని వైయాకి కంటె ముందే గ్రహించింది. 1949 నాటి బీచర్ నివేదిక అధికసంఖ్యాక ఆఫ్రికన్ పిల్లలకు నాలుగేళ్ళ ప్రాథమికవిద్యను పరిమితిగా పెట్టి, బడుల మీద పర్యవేక్షణ బిగించాలన్నది. 1952 అక్టోబరు 20న ఎమర్జెన్సీ ప్రకటించారు. మౌ మౌ తిరుగుబాటును అణచే పేరుతో కెన్యాట్టాను అరెస్టు చేశారు. స్వతంత్ర పాఠశాలలు మూసేశారు, కొన్నిటిని ప్రభుత్వపరం చేశారు. ప్రజలు పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న గిథుంగురి కళాశాల ఆవరణ నిర్బంధశిబిరమయింది. అక్కడే ఉరికొయ్యలు నాటారు. ఎమర్జెన్సీ కాలంలో ఉరితీసినవారు 1090 మంది. పది లక్షలకు పైగా జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించి, ముళ్ళకంచెలూ కందకాలూ ఉన్న ఎనిమిది వందలకు పైగా కొత్త గ్రామాలలోకి తోలారు. తండ్రులు అడవిలో, లేకపోతే శిబిరంలో, లేకపోతే గోతిలో. తల్లులు కందకాల వెట్టిలో. పిల్లలు నైరోబీ వీధుల్లో.

న్గూగీ ఈ కాలపు పిల్లవాడు. ఆయన చదివిన మంగూ కరింగా బడిని ప్రభుత్వం చేజిక్కించుకుంది. గికూయులో పాఠాలు పోయి ఇంగ్లీషు వచ్చింది. బడి ఆవరణలో తల్లిభాష మాట్లాడినవాడికి బెత్తం దెబ్బలో, మెడలో అవమానపు పలకో దక్కేవి. 1955లో ఎలయన్స్ హైస్కూల్లో చేరి, మొదటి టర్మ్ అయ్యాక ఇంటికి వస్తే ఊరే లేదు. నేలమట్టం చేశారు. 'వీప్ నాట్, చైల్డ్' (1964)లో చదువే సర్వస్వమనుకున్న న్జొరోగెను బడిలోంచి చిత్రహింసల గదికి లాక్కుపోయే ఘట్టం ఉంది. ఆ తర్వాత అతనికి చదువు లేదు. కథల్లో సాధారణంగా బడి అనాథను కాపాడుతుంది. ఇక్కడ బడి అనాథను అప్పగించింది. ఈ తేడాను గుర్తించకుండా ఆ నవలను ఒక కుర్రవాడి విషాదగాథగా పాఠం చెప్పడం అన్యాయం.

ఇప్పుడు దాత మళ్ళీ ప్రవేశిస్తాడు. 1955లో వామూమూ అనే చోట మౌ మౌ అనుమానితులైన కుర్రవాళ్ళ కోసం ఒక శిబిరం పెట్టారు. ఇతర శిబిరాలతో పోలిస్తే అక్కడ దెబ్బలు తక్కువ, చదువూ చేతిపనీ ఎక్కువ. అక్కడ పనిచేసిన జెఫ్రీ గ్రిఫిన్ కెన్యాలోనే పుట్టిన తెల్లవాడు. ఎమర్జెన్సీలో వలస సైన్యంలో అధికారిగా ఉండి ఆ కొలువు వదిలినవాడు. ఆయనా, జెఫ్రీ గెటురో, జోసెఫ్ గికుబు అనే ఇద్దరు ఆఫ్రికన్ సహచరులూ కలిసి 1959 నవంబరులో నైరోబీలో వీధిబాలుర కోసం స్టారెహె కేంద్రం ప్రారంభించారు. వీరిలో గికుబు స్వయంగా నిర్బంధం అనుభవించినవాడు. మొదట రెండు రేకుల షెడ్లు. వాటిని ఇచ్చినవి షెల్, బీపీ చమురు కంపెనీలు. తర్వాత సేవ్ ది చిల్డ్రన్ వంటి సంస్థల సాయం తోడయింది. నిజమైన పేదపిల్లలకు ఫీజు లేదు, కట్టగలిగినవాళ్ళు స్తోమతను బట్టి కట్టాలి. కొన్నేళ్ళలో ఆ బడి దేశంలోని ఉత్తమ పాఠశాలల్లో ఒకటయింది. 2005లో బాలికల కేంద్రం కూడా తెరిచారు. ఆ ఏడాదే గ్రిఫిన్ చనిపోయాడు.

అభ్యుదయ విమర్శకులం కాబట్టి స్టారెహెను సామ్రాజ్యవాదుల కంటితుడుపు అని ఒక్క మాటతో కొట్టేస్తే పని సులువవుతుంది. కాని అది నిజాయితీ కాదు. రాత్రి కాలవగట్టున పడుకున్న పిల్లవాడికి రేకుల షెడ్డు కావాలి. ఆ రేకులు ఎవరివని అతను అడగడు, అడగనక్కర్లేదు. అడగవలసింది మనం. స్టారెహెను నిలబెట్టింది దాతల సొమ్ము ఒక్కటే కాదు. స్వయంగా శిబిరాల్లోంచి వచ్చిన గికుబు వంటివాళ్ళ శ్రమ ఉంది. బడి పూర్తిచేసిన కుర్రవాళ్ళు కొంతకాలం జీతం లేకుండా సమాజసేవ చెయ్యాలన్న ఏర్పాటు ఉంది. కాబట్టి స్టారెహె మంచిదా చెడ్డదా అన్నది సరైన ప్రశ్న కాదు. ఏడేళ్ళ కిందట నూటికి పైగా ప్రజల బడులు మూసేసిన రాజ్యంలో ఒక్క ధర్మబడికి అనుమతి ఎందుకు దొరికింది అన్నది సరైన ప్రశ్న. ప్రజల బడి భూమి గురించి మాట్లాడుతుంది. ధర్మబడి పిల్లవాడి గురించి మాత్రమే మాట్లాడుతుంది. పాలకులకు మొదటిది ప్రమాదం, రెండోది అలంకారం. ఈ తేడా దాత మనసులో ఉండకపోవచ్చు, రాజ్యం లెక్కల్లో ఉంటుంది.

ఆ 1959లోనే మరో రకం దానం ఆకాశమార్గాన వచ్చింది. కార్మికనాయకుడు టామ్ ఎంబోయా ప్రయత్నం వల్ల ఆ సెప్టెంబరులో 81 మంది విద్యార్థులు ఒక అద్దె విమానంలో అమెరికా వెళ్ళారు. జాకీ రాబిన్‌సన్, హారీ బెలఫాంటే, సిడ్నీ పోయిటియర్ వంటి నల్లజాతి ప్రముఖులు వీళ్ళ కోసం చందాలు అడిగారు. 1960లో అమెరికా ప్రభుత్వం మొదట మొహం చాటేస్తే కెనెడీ కుటుంబం ధర్మనిధి లక్ష డాలర్లు ఇచ్చింది. అది ఎన్నికల సంవత్సరం, ఇచ్చినవాడి సోదరుడు కాదు, ఆ కుటుంబపు అభ్యర్థే అధ్యక్షపదవికి పోటీ చేస్తున్నాడు. 1963 వరకు సుమారు 800 మంది తూర్పు ఆఫ్రికా విద్యార్థులు ఈ దారిన వెళ్ళారు. తర్వాత 2004లో నోబెల్ శాంతిబహుమతి పొందిన వంగారి మాతాయి 1960లో వెళ్ళినవారిలో ఒకరు. అదే సమయంలో ఒగింగా ఒడింగా పూనికతో మరికొందరు సోవియట్ యూనియన్‌కూ తూర్పు యూరప్ దేశాలకూ వెళ్ళారు. 1960లో మాస్కోలో ప్రజామైత్రి విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. 1961లో దానికి లుముంబా పేరు పెట్టారు. అంతకు ముందే, నైరోబీలో భారత కమిషనరుగా ఉన్న అప్పా పంత్ కాలంలో, నెహ్రూ ప్రభుత్వం ఆఫ్రికా విద్యార్థులకు మన విశ్వవిద్యాలయాల్లో చదివేందుకు వేతనాలు ఇచ్చింది. వలసపాలకులకు పంత్ కంట్లో నలుసయ్యాడు. ఏ శిబిరం ఇచ్చిన సాయంలోనైనా ఆ శిబిరపు ప్రయోజనం ఉంటుంది. అయినా ఇచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు పుచ్చుకునేవాడికి కొంత స్వేచ్ఛ మిగులుతుందని ఆ దశాబ్దం రుజువు చేసింది.

1963 డిసెంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. కెన్యాట్టా 'హరాంబే' అని పిలుపునిచ్చాడు. అందరూ కలిసి లాగండి అని దాని భావం. గిథుంగురి జ్ఞాపకం ఉన్న జనం ఆ పిలుపుకు స్పందించి ఊరూరా సెకండరీ బడులు కట్టారు. 1970ల తొలినాళ్ళకే హరాంబే బడుల సంఖ్య ప్రభుత్వ సెకండరీ బడుల సంఖ్యను మించిపోయింది. అయితే స్వతంత్ర ప్రభుత్వం ఈ ఉత్సాహాన్ని తన బాధ్యత తప్పించుకునే సాధనంగా కూడా వాడుకుంది. పట్నంలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో మంచి బడి, పల్లెటూరి పేదవాళ్ళ పిల్లలకు వాళ్ళ చెమటతో కట్టిన అరకొర బడి. తర్వాత హరాంబే సభలు రాజకీయనాయకులు నోట్లకట్టలు చూపించి ఓట్లు కొనే వేదికలయ్యాయి. ఊరి చందా కాస్తా మళ్ళీ దొరగారి దానమయింది. తెల్ల దొర పోయి నల్ల దొర వచ్చాడు.

ఈ మార్పును ఎత్తిచూపిన ప్రయత్నం ఎక్కడ జరిగిందో మన పాఠకులకు తెలుసు. న్గూగీ సొంత ఊరు కమిరీథులో 1976లో వయోజనవిద్య మొదలయింది. అక్షరాలు నేర్చుకున్న రైతులు, కూలీలు, స్త్రీలు తమ చేతులతో ఆరుబయట రంగస్థలం కట్టి, 1977 అక్టోబరులో గికూయు భాషలో నాటకం ఆడారు. ఆరువారాలకే ప్రదర్శనల లైసెన్సు రద్దయింది. డిసెంబరు 31న న్గూగీని అరెస్టు చేసి ఏడాదిపాటు విచారణ లేకుండా ఉంచారు. 1982లో పోలీసులు ఆ రంగస్థలాన్ని కూల్చేశారు. 1952లో గిథుంగురి, 1982లో కమిరీథు. మధ్యలో జెండా మారింది. తమ చదువు తామే చెప్పుకునే పేదవాణ్ణి చూసి భయపడే గుణం మారలేదు. కమిటి జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద గికూయులో ఆయన రాసిన నవలను మన వరవరరావు కూడా జైల్లోనే ఉండి తెలుగు చేశారు. రెండు జైళ్ళను దాటి వచ్చిన ఆ పుస్తకం మనకు ఆఫ్రికాతో ఉన్న సంబంధం జాలి సంబంధం కాదని చెబుతుంది. న్గూగీ 2025 మే నెలలో చనిపోయాడు.

1980ల చివర ప్రపంచబ్యాంకు షరతుల కాలం వచ్చింది. 1974లో కింది తరగతులకు రద్దయిన ఫీజులు బిల్డింగు ఫండు పేరుతో అప్పటికే వెనక్కు వచ్చి ఉన్నాయి. 1988 నుంచి 'ఖర్చులో వాటా' అనే విధానం అమలయింది. అంటే బడి ఖర్చు, ఆస్పత్రి ఖర్చు తల్లిదండ్రుల మీద పడింది. 1990లలో బడిలో చేరే పిల్లల నిష్పత్తి పడిపోయింది. సరిగ్గా ఆ సమయంలోనే ఎయిడ్స్ వ్యాధి లక్షలాది పిల్లలకు తల్లిదండ్రులు లేకుండా చేసింది. ఆస్పత్రికి ఫీజు పెట్టారు కాబట్టి తల్లి మందుకు దూరమయింది, బడికి ఫీజు పెట్టారు కాబట్టి పిల్ల చదువుకు దూరమయింది. ఆ పిల్ల బొమ్మ విజ్ఞప్తి మీదికి ఎక్కింది. పిల్లలను పెంచుకుంది ఎక్కువగా ముసలి అవ్వలు. వాళ్ళ బొమ్మ మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు.

ఆ తర్వాత జరిగింది మనం శ్రద్ధగా గమనించాలి. 2003 జనవరిలో కొత్త ప్రభుత్వం ప్రాథమిక విద్యలో ఫీజులు రద్దుచేసింది. ఒక్క ఏడాదిలో పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడిలో చేరారు. ఏ ధర్మసంస్థా యాభై ఏళ్ళలో చెయ్యలేని పని ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చేసింది. గదులు చాలలేదు, పంతుళ్ళు చాలలేదు, ఒక్కొక్క తరగతిలో వంద మంది కూర్చున్నారన్నది నిజమే. అయినా ఆ పిల్లలు ఎవరి దయవల్లా రాలేదు. 2004లో ఎల్డొరెట్‌లో కిమానీ మరూగె అనే 84 ఏళ్ళ వృద్ధుడు ఒకటో తరగతిలో చేరాడు. ఆయన మౌ మౌ యోధుడు. పొట్టి నిక్కరు తొడుక్కుని మునిమనవళ్ళ ఈడు పిల్లల పక్కన కూర్చున్నాడు. తన చిన్నతనంలో అందని బాకీని ఎనభై దాటాక వసూలు చేసుకున్నాడు. 2007 ఎన్నికల తర్వాతి అల్లర్లలో శరణార్థి శిబిరం పాలై, 2009లో చనిపోయాడు.

2004లోనే అనాథ పిల్లలను పెంచుతున్న పేదకుటుంబాలకు నేరుగా నగదు ఇచ్చే పథకం ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత ప్రభుత్వ కార్యక్రమమయింది. పిల్లవాణ్ణి ఆశ్రమానికి తరలించకుండా అవ్వ చేతికే సాయం ఇవ్వడం దానిలోని విశేషం. 2008లో పగటిబడుల సెకండరీ బోధన ఫీజును ప్రభుత్వం భరించసాగింది. 2010 రాజ్యాంగం 53వ అధికరణం ప్రతి పిల్లకూ ఉచిత నిర్బంధ మౌలిక విద్యను హక్కుగా ప్రకటించింది. 2013 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ నాటి చిత్రహింసలకు విచారం వెలిబుచ్చి, 5228 మందికి దాదాపు రెండు కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తలకు లెక్కవేస్తే అది ఏపాటిది అన్నది వేరే మాట. కోర్టుకెక్కిన ముసలివాళ్ళు అడిగింది దానం కాదు, పరిహారం. 1889లో యజమానులకు ముట్టిన పరిహారం అనే మాట బాధితుడి దగ్గరికి చేరడానికి నూట ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

ఈ సందర్భంలో నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి చెప్పుకోక తప్పదు. ఒకసారి మా బడి పేదపిల్లలకు ఒక దాత నోటుపుస్తకాలూ దుస్తులూ పంపించారు. పిల్లలచేత కృతజ్ఞతాలేఖలు రాయించే పని తెలుగు పంతులునైన నా మీద పడింది. తండ్రి లేని ఒక ఆడపిల్ల తన ఉత్తరంలో, తండ్రి క్వారీలో రాయి మీద పడి చనిపోయాడనీ, యజమాని ఏమీ ఇవ్వలేదనీ, ఇచ్చి ఉంటే ఈ పుస్తకాలు అమ్మే కొనేదనీ రాసింది. అక్షరదోషం ఒక్కటి లేదు. దాతకు బాగుండదని ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, మీ మేలు మరువలేమని ఒక వాక్యం రాయించాను. ఎర్రసిరా కలం నాదే. ఆ పిల్ల ఉత్తరాన్ని మళ్ళీ చక్కగా కాపీ చేసి ఇచ్చింది. మొదటి కాగితం నా దగ్గర ఉండిపోయింది.

ఫ్రియర్ టౌన్ పిల్లల జీవితకథలు కూడా మనకు ఇలాగే అందాయి. దాతలు చదివే పత్రికల కోసం, మిషనరీల కలం కింద, చీకటి నుంచి వెలుగులోకి అనే ఒకే మూసలో. దాత డబ్బు ఇచ్చి కథను కూడా కొనుక్కుంటాడు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించే హక్కు కొనుక్కుంటాడు. న్గూగీ చేసింది ఆ హక్కును వెనక్కు లాక్కోవడం. మొదటి పేజీకి ముందున్న భూమినీ, కందకాన్నీ, ఉరికొయ్యనూ కథలోకి తీసుకురావడం.

ఇచ్చే చెయ్యిని తోసిపుచ్చమని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆకలిగా ఉన్న పిల్లవాడి ముందు సిద్ధాంతం మాట్లాడేవాడు పిల్లవాడి మిత్రుడు కాడు. చందా ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వాలి. అయితే రచయిత పని చందాతో తీరదు. దాతను నాయకుడిగా నిలబెట్టి కథ రాసే ముందు, ఆ పిల్ల మొదటి కాగితంలో ఏం రాసిందో వెతకాలి. విద్యార్థులు న్గూగీ నవలల మీద వ్యాసాలు రాసేటప్పుడు గిథుంగురి పేరు లేకుండా రాయకూడదు. పంతుళ్ళం మా ఎర్రసిరాను అక్షరదోషాలకే పరిమితం చేసుకోవాలి.